మైకు మామ కాగితం మీద నా ఎర్ర గీతలు

ఆ రోజుల్లో ఎవరి నోటి నుంచైనా ఒక్క మాట ఎక్కువొస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజులంటే తాతలనాటివేమీ కావు, పన్నెండేళ్ళ కిందటివి. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ, ఆత్మకూరులో మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. ఉద్యోగం రానివాళ్ళు రెండు రకాలు. తమకేమీ రాదని బెంగపడేవాళ్ళు ఒక రకం, తమకన్నీ వచ్చని లోకాన్ని దిద్దేవాళ్ళు ఇంకో రకం. నేను రెండో రకంలో మొదటి వరస. బస్టాండు నుంచి కోచింగ్ సెంటర్‌కి నడిచే పావుగంటలో కనీసం పది బోర్డులైనా మనసులో దిద్దుకుంటే గానీ నాకు పొద్దు గడిచేది కాదు.

కోచింగ్ సెంటర్ అంటే ఎరువుల కొట్టు మీద ఒక గది. కింద నుంచి పురుగుమందుల వాసన, పైనుంచి రేకుల వేడి, మధ్యలో మేము నలభై మందిమి. మా ఇంగ్లీషు సారుకి మేం పెట్టుకున్న పేరు కొట్టేయ్ సారు. బ్యాంకు పరీక్షలో ఒక వాక్యం ఇచ్చి తప్పెక్కడుందో పట్టమంటారు. ఆ తప్పుల్లో సగం, అవసరం లేకపోయినా వచ్చి కూర్చున్న మాటలేనని సారు సిద్ధాంతం. "రిటర్న్ బ్యాక్ అన్నాడా, బ్యాక్ కొట్టేయ్. రిపీట్ అగైన్ అన్నాడా, అగైన్ కొట్టేయ్. రీజన్ ఈజ్ బికాజ్ అన్నాడా, ఆ వాక్యం రాసినోణ్ణే కొట్టేయ్!" అని బల్ల మీద డస్టరుతో బాదేవాడు. ఆల్దో వెనక బట్ వచ్చినా, వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్‌లో చివరి ఎస్ ఎగిరిపోయినా నేను ఆమడ దూరం నుంచి పసిగట్టేదాన్ని. సారు నాకొక ఎర్ర పెన్ను బహుమతిగా ఇచ్చి, మిగతావాళ్ళ పేపర్లు నా చేత దిద్దించేవాడు. ఆ పెన్ను జడలో గుచ్చుకుని తిరిగేదాన్ని (ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది).

ఇంగ్లీషుతో ఆగి ఉంటే బాగుండేది. జబ్బు తెలుగులోకి కూడా పాకింది. అనంతసాగరం బస్సులో కండక్టరు "లాస్ట్ ఆఖరి స్టాపు, దిగండి" అంటే, దిగబోయేదాన్నల్లా ఆగి, "లాస్టన్నా ఆఖరన్నా ఒకటేనండీ" అని చెప్పి దిగేదాన్ని. మా అత్త "గోడకి వాల్ పోస్టరు అంటించినారు" అన్నా, "నడిమధ్యలో కరెంటు పోయినాది" అన్నా వదిలేదాన్ని కాదు. అత్త ఒకరోజు చింతపండు పిసుకుతూ, "పాపా, నువ్వు కొట్టేసిన మాటలన్నీ మూటగట్టి ఆ అటక మీద పెట్టు. రేపు నీకు పెళ్ళయినాక మొగుడితో కొట్లాటకి పనికొస్తాయి" అంది. ఆ వాక్యంలో మాత్రం కొట్టేయడానికి నాకేమీ దొరకలేదు.

ఇక మా మామ. ఆత్మకూరు చుట్టుపక్కల ఆయన అందరికీ మైకు మామే. ఆటో పైన ముందొక గొట్టం, వెనకొక గొట్టం కట్టి, ఊరూరా ప్రచారం చేయడం ఆయన వృత్తి. బట్టల కొట్టు తెరిచినా, గొర్రెలకి టీకాలు వేస్తున్నా, కరెంటు ఆగిపోతుందన్నా, ఆ కబురు జనానికి మోసుకుపోయేది ఆయన గొంతే. పుట్టింది ఉదయగిరిలో. చిన్నప్పుడు కొండ పైకి మేసుకుంటూ పోయిన మేకల్ని కింద నుంచి ఒక్క కేకేసి దించేవాడట (ఇది ఆయన చెప్పిందే. మేకల తరఫు వాదన మేమెవరం వినలేదు). రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసే పద్ధతి అప్పటికే వచ్చేసినా, మామకి అదంటే చిన్నచూపు. ఒక చేత్తో ఆటో నడుపుతూ, రెండో చేత్తో మైకు పట్టుకుని, చెప్పిందే చెబుతూ, చెప్పిందే చెబుతూ పోయేవాడు. ఆ చెప్పిందే చెప్పడం నా చెవుల్లో ముల్లులా గుచ్చుకునేది.

అలాంటి సమయంలో, నెల్లూరు నుంచి ఒక కంటి ఆసుపత్రివాళ్ళు మా ఊళ్ళో శిబిరం పెడుతున్నారని కబురొచ్చింది. మా ఊరు అనంతసాగరం మండలంలో, సోమశిలకి పోయే దారిలో ఉంది. అక్కడ మా నాయన, అమ్మ, అవ్వ ఉండేవాళ్ళు. అవ్వకి కుడి కన్ను పూర్తిగా పొర కమ్మింది, ఎడమది కూడా అదే దారి పట్టింది. మజ్జిగ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోసేది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, గొంతుతో పోల్చుకునేది. నేను సెలవుకి వెళితే నా చెంపలు రెండు చేతులతో తడిమి, "చిక్కిపోయినావే" అనేది. చూడకుండానే ఆ మాట ఎట్లా అనగలిగేదో నాకు తెలిసేది కాదు, కానీ ఆ చేతులు నా ముఖమంతా వెతుకుతుంటే కదలకుండా కూర్చునేదాన్ని.

నాయన నెల్లూరు తీసుకుపోతానని ఎన్నిసార్లు అడిగినా, "ఊరంతా పోయేటప్పుడు నేనూ పోతా. ఒంటిగా పోయి కన్ను కోయించుకోమంటే నా వల్ల కాదు" అని మొండికేసింది. అంతకు ముందొకసారి శిబిరం వస్తే, నాట్లున్నాయని తనే మానేసింది. ఈసారి మాత్రం కబురు తెలిసిన రోజే ఉతికిన చీర మూటగట్టి మంచం కింద పెట్టుకుంది. ఆసుపత్రివాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆపరేషన్‌కి కనీసం ఇరవై మంది తేలితేనే మా ఊరికి బస్సు. లేకపోతే ఆ బస్సు సంగంలో అదేరోజు జరిగే రెండో శిబిరానికి వెళ్ళిపోతుంది. మా ఊళ్ళో కళ్ళు మసకేసిన ముసలివాళ్ళు నలభై మందికి తక్కువుండరు. వాళ్ళకి కబురందించే పని మామకి అప్పగించారు. అంటే మా అవ్వ కన్ను మామ గొంతులో ఉందన్నమాట.

ఆ గొంతు కాస్తా పోయింది. వింజమూరు వైపు తిరనాళ్ళకి వారం రోజులు అరిచి వచ్చి, శిబిరానికి ముందు రోజు, శుక్రవారం పొద్దున లేచేసరికి ఆయన నోట గాలి తప్ప మాట రాలేదు. మెడకి తుండుగుడ్డ చుట్టుకుని, చేత్తో రాసిన రెండు పేజీల కాగితం తెచ్చి నా ముందు పెట్టి, నోటి దగ్గర పిడికిలి పట్టి చూపించాడు. మైకులో నన్ను చదవమని. కాగితం ఇలా మొదలవుతుంది:

"కంటి శిబిరమమ్మా, కంటి శిబిరం! కళ్ళు చూసే శిబిరం! రేపు శనివారం, రేపంటే రేపే, రేప్పొద్దున ఎనిమిది గంటలకి, మన బడికాడ, మన హైస్కూలుకాడ, కంటి శిబిరం! కళ్ళు మసకేసినోళ్ళకి, చూపు ఆననోళ్ళకి, ఉచితంగా, ఫ్రీగా, పైసా ఖర్చు లేకుండా కంటి ఆపరేషన్! అవ్వా, తాతా, కంటి శిబిరం!"

రెండు పేజీలూ ఇదే వరస, మధ్యమధ్యలో కార్డులు, జత బట్టలు, నెల్లూరు బస్సు సంగతులు. నా చెయ్యి దానంతటదే జడలోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. రేపన్న తరవాత రేపంటే రేపే ఎందుకు? కొట్టేయ్. ఉచితంగా, ఫ్రీగా, పైసా ఖర్చు లేకుండా, ఒక్క అర్థానికి ముగ్గురు కాపలానా? ఇద్దర్ని కొట్టేయ్. కంటి శిబిరం అనే మాట పదిహేడు సార్లుంది. పదహారు కొట్టేయ్. పావుగంటలో ఆ కాగితం నుదుటి నిండా కుంకుమ రాసుకున్నట్టయింది. మిగిలిన సారాన్ని పిండి ఒకే ఒక్క వాక్యం తయారుచేశాను. "శనివారం ఉదయం ఎనిమిది గంటలకు ఉన్నత పాఠశాల ఆవరణలో జరగనున్న ఉచిత నేత్ర శిబిరానికి దృష్టిలోపం గలవారు ఆధార్ కార్డు, రేషన్ కార్డు ప్రతులతోను, ఒక జత దుస్తులతోను, ఒక సహాయకునితోను హాజరైనచో, ఎంపికైనవారు అదే వాహనంలో నెల్లూరు వెళ్ళి, శస్త్రచికిత్స అనంతరం మూడవ రోజు తిరిగి రాగలరు." కర్త, కర్మ, క్రియ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్క మాట తీయడానికి లేదు, ఒక్క మాట చేర్చడానికి లేదు. కొట్టేయ్ సారు చూసి ఉంటే కన్నీళ్ళు పెట్టుకునేవాడు.

మామ చదివి, చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. అత్త అనువాదం చేసింది: "తిప్పి తిప్పి చెప్పాలంటన్నాడు మీ మామ." నేను నవ్వి, "ఒకసారి సరిగ్గా చెప్తే రెండోసారి చెప్పే పనేముంది మామా?" అన్నాను. మామ తన కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఏదో బాధపడుతున్నాడులే, కొత్త పద్ధతి మింగుడుపడటానికి టైం పడుతుంది అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి మా ఊరు చేరాం. మామ ముందు, మైకుతో నేను వెనక. వార్తలు చదివే అమ్మాయిలాగా, ఒత్తులన్నీ ఒత్తుతూ, కామా కనిపించిన చోటల్లా ఆగుతూ చదివాను. వాక్యం పూర్తయ్యేసరికి దగ్గర దగ్గర నిమిషం పట్టేది. తర్వాత మంచినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ శనివారం దగ్గర మొదలెట్టేదాన్ని. ఆటో మాత్రం ఆగేది కాదు. ముందు సీట్లోంచి మామ వేలు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నాకు అర్థం కాక కాదు, అర్థమయ్యే పట్టించుకోలేదు. మా ఇంటి ముందు నుంచి పోతుంటే అవ్వ అరుగు మీద నుంచి కేకేసింది: "పాపా, సగమే ఇనపడినాది, ఇంకోసారి చెప్పవే!" నేను మైకు పక్కకి పెట్టి, "నీకు తెలిసిందే గదవ్వా!" అని అరిచి ముందుకు పోయాను. ఊరు, ఊరవతల చెరువు కింది పల్లె, అన్నీ ఒక చుట్టు చుట్టి చీకటి పడకముందే ఆత్మకూరు వచ్చేశాం. రెండు చుట్లు తిరుగుతామని మామ సైగ చేశాడు గానీ, నాకు ఆదివారం పరీక్ష ఉంది, పైగా చెప్పాల్సింది చెప్పేశాను.

శనివారం పొద్దున మేం వెళ్ళేసరికి బడి ఆవరణ జనంతో కిటకిటలాడుతోంది. నా ఛాతీ అంగుళం పెరిగింది. మామ వైపు గర్వంగా చూశాను. ఆ గర్వం బతికింది రెండు నిమిషాలు.

ముందుగా పెద్ద వీధివాళ్ళు కనిపించారు. పాత సర్పంచి పదిమంది మనుషులతో వేపచెట్టు కింద, కొత్త సర్పంచి పదిమందితో కొళాయి దగ్గర, అందరూ ఇస్త్రీ చొక్కాల్లో. "ఏందయ్యా, మీటింగు పెట్టినావంట?" అని ఒకరు. "నేనేంది పెట్టేది? నువ్వు పెట్టినావని నేనొచ్చినా!" అని ఇంకొకరు. పెద్ద వీధిలో ఆటో ఉన్నంతసేపూ నా వాక్యం పాఠశాల ఆవరణ దగ్గరే ఉందని నాకప్పుడు తెలియదు. అంతలో బొడ్రాయి వీధి ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. చేతుల్లో ఆధార్ కార్డులు, వాటి జిరాక్సులు. "పోయినతూరి మా పేరు ఎగరగొట్టినారు. ఈతూరి ఇళ్ళ పట్టాల లిస్టులో ఉండాదో లేదో ముందే చూసి చెప్పమ్మా" అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమెని విడిపించుకుంటే వెనక వీధి పెద్దామె ఎదురైంది: "జత బట్టలంటగదా, చీరలేనా, మొగోళ్ళకి పంచెలు గూడా ఉండాయా?" అందరికంటే వెనకాల, గోడ పక్కన, చెరువు కింది పల్లె నుంచి వచ్చిన ముప్పై మంది కూలీలు టిఫిన్ క్యారియర్లతో, దుప్పట్లతో వరసగా నిలబడి ఉన్నారు. "బండెప్పుడు పాపా? నెల్లూరులో మూడు దినాలు పనంటివి గదా. రొయ్యల గుంటలకాడనా?"

ఎవరూ తప్పు వినలేదు. ఎవరి వీధిలో ఏ ముక్క పడిందో ఆ ముక్కని అక్షరం పొల్లుపోకుండా విన్నారు. శస్త్రచికిత్స అంటే ఆపరేషనని మాత్రం ఎవరికీ తోచలేదు. నా వాక్యం మొత్తంగా విన్నవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఒకరు నేను, రెండోవారు మాట రాని మామ.

కన్ను చూపించుకోవడానికి వచ్చింది ఒక్కరే. డాక్టరమ్మ బల్లకి ఎదురుగా, బెంచీ మీద, ఒళ్ళో మూటతో మా అవ్వ కూర్చుని ఉంది. నాయన చెప్పాడు, ఆరింటికే వచ్చిందట. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ముఖం నా వైపు తిప్పి, విప్పారిన ముఖంతో అడిగింది: "పాపా, శానామంది వచ్చినట్టుండారే! అందరూ కళ్ళోళ్ళేనా?"

అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. డాక్టరమ్మ గడియారం చూసుకుని, "పది దాకా చూస్తామమ్మా, ఆ తర్వాత సంగం వెళ్ళిపోవాలి" అంది. అప్పటికి ఎనిమిదిన్నర. వెనక్కి తిరిగితే మామ నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు (అనలేడు కూడా, అది నా అదృష్టం). చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టి, ఆటో స్టార్ట్ చేశాడు.

ఆ రోజు నేను చదివినట్టు జన్మలో ఏదీ చదవలేదు. నేను కొట్టేసిన మాటల్నే వెతుక్కుని వెతుక్కుని చదివాను. "కంటి శిబిరమమ్మా, కంటి శిబిరం! ఈరోజే, ఈరోజంటే ఈరోజే, ఇప్పుడే, మన బడికాడ, కంటి శిబిరం! మీటింగు కాదు, బట్టలు కాదు, పని కాదు, కంటి శిబిరం! ఉచితంగా, ఫ్రీగా, పైసా ఖర్చు లేకుండా! అవ్వా, తాతా, కంటి శిబిరం!" ఎర్ర గీతల కింద మామ అక్షరాలు ఎక్కడివక్కడ నిక్షేపంగా ఉన్నాయి. మామ వేలు తిరిగిన ప్రతిసారీ నేనూ తిరిగి అందుకున్నాను. ఒత్తులు పోయాయి, కామాలు పోయాయి, గొంతు బొంగురు పోయింది. గడపగడపకీ తలలు బయటికొచ్చాయి. "ఓసినీ, కళ్ళదా! ఆ మాట నిన్ననే చెప్పొచ్చు గదా!" అని ఒక తాత చేతికర్ర నావైపే ఝళిపించి బయల్దేరాడు.

మిగతా పని, పొరపాటున వచ్చిన జనమే చేసిపెట్టారు. పాత సర్పంచి తన తరఫు ముసలివాళ్ళని ట్రాక్టర్లో ఎక్కించాడని తెలిసి, కొత్త సర్పంచి నాలుగు మోటారు సైకిళ్ళు పంపాడు. కూలికని వచ్చినవాళ్ళు క్యారియర్లు బడిలోనే పెట్టి, పల్లెకి పోయి, వాళ్ళ తల్లుల్నీ తండ్రుల్నీ నడిపించుకొచ్చారు. ఆధార్ జిరాక్సులు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిదీ ముప్పావుకి లైను గేటు దాటింది. పది దాటినా డాక్టరమ్మ లేవలేదు. చివరికి ఇరవై ఆరుమంది ఆపరేషన్‌కి తేలారు. అవ్వకి మాత్రం మొదటిసారి బీపీ ఎక్కువ చూపించింది. "ఎక్కదా మరి? పొద్దున్నుంచీ దీని గొంతు ఇంటా ఉండాను గదా" అని నన్ను చూపించింది (గొంతు వినిపించిన వైపు). అరగంట కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే సరిపోయింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాల్లో వెతికింది. పరుగెత్తి నా చెంప అందించాను.

మర్నాడు అవ్వ ఒకచోట, నేనొకచోట, ఇద్దరం నెల్లూరులోనే పరీక్షలో ఉన్నాం. నా పరీక్ష బాగా రాశాను, అందులో దాపరికమేమీ లేదు. రిటర్న్ బ్యాక్ వస్తే బ్యాక్ కొట్టేశాను. కాగితం మీద వాక్యాన్ని ఒక మనిషి కూర్చుని, కావాలంటే రెండుసార్లు చదువుకుంటాడు, కాబట్టి అక్కడ కొట్టేయ్ సారుదే న్యాయం. మామ న్యాయం వేరు. వారానికి గొంతొచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అదే: "పాపా, మనది పరిగెత్తే బండి. ఇనేవాళ్ళు పొయ్యికాడ ఉంటారు, దొడ్లో ఉంటారు. యాడ చెవి పెట్టినా ఇషయం దొరకాల." ఎనిమిది నెలల కోచింగ్‌లో నాకెవరూ చెప్పని పాఠం అది.

సోమవారం సాయంత్రం అవ్వ నల్ల కళ్ళద్దాలతో దిగింది. అరుగు మీద కూర్చుని, అద్దాలు కాస్త పైకెత్తి, నన్ను ఆపాదమస్తకం చూసింది. నేను కన్నీళ్ళకి సిద్ధమయ్యాను. "ఏందే, ఇంత నల్లబడినావు? ఎండల్లో మైకు పట్టుకోని తిరిగితే అంతే మరి" అంది. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి ఆమె చేతులు నా ముఖం తడమలేదు, ఆ అవసరం లేకపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. అప్పుడే నా పుస్తకంలోంచి మామ కాగితం జారి పడింది. అవ్వ చిన్నప్పుడు మూడో తరగతి చదివింది. కాగితం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టింది. "కం...టి శి...బి...రం. కంటి శిబిరం. కళ్ళు చూసే శిబిరం." కొత్త కంటితో ఆమె చదివిన మొదటి కాగితం అదే. గీత కొట్టినవీ కొట్టనివీ ఏదీ వదలకుండా రెండు పేజీలూ చదివి, తలెత్తి అడిగింది: "ఇన్ని ఎర్రగీతలు ఎవురు కొట్టినారే? శుభ్రంగా రాసినాడు గదా మీ మామ!"

"ఎవరో చదువుకున్న పిల్లలేవ్వా" అన్నాను.

ఇప్పుడు నేను ఆత్మకూరుకి దగ్గర్లోనే ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. అవ్వ పోయి నాలుగేళ్ళయింది. కౌంటర్ ముందుకు వచ్చే ముసలివాళ్ళకి ఏ సంగతైనా మూడు రకాలుగా, మూడుసార్లు చెబుతాను. కొత్తగా చేరిన అమ్మాయి, పరీక్షలో మంచి మార్కులొచ్చిన పిల్ల, మొన్న ఉండబట్టలేక, "మేడమ్, చెప్పిందే మళ్ళీ చెప్తున్నారు" అంది. ఆ పిల్ల జడలో పెన్ను ఉందేమోనని చూశాను. లేదు. జేబులో ఉంది, ఎర్రదే.